మ్యాప్ కావాల్సిన చోట బూడిద రంగు పెట్టె వస్తోందా? తప్పు మ్యాప్‌ది కాదు, దాన్ని పుట్టించే సమయానిది

తరవాత చదివేవాళ్లకి కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెబుతాను. అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్, మాదాపూర్ వైపు హాస్టళ్ల కోసం ఒక సైట్ చేస్తున్నారు. ఎడమవైపు హాస్టళ్ల కార్డులు, కుడివైపు ఒక డివ్, అంటే పేజీలో ఒక ఖాళీ పెట్టె. కార్డు నొక్కితే ఆ డివ్‌లోకి మ్యాప్ రావాలి, పేజీ మొత్తం రీలోడ్ కాకూడదు. మ్యాప్‌కి లీఫ్‌లెట్ అనే జావాస్క్రిప్టు లైబ్రరీ వాడుతున్నారు. మ్యాప్ హెచ్‌టీఎమ్‌ఎల్‌ని వేరే ఫైల్లో పెట్టి, జేక్వెరీ అనే ఇంకో లైబ్రరీలోని లోడ్ ఆదేశంతో తెస్తే డివ్ ఖాళీగా ఉండిపోయింది. స్క్రిప్టుని మెయిన్ పేజీలోకి మార్చారు. అప్పుడు బూడిద రంగు పెట్టె వచ్చింది, ఎడమవైపు పైమూలన మాత్రం చిన్న మ్యాప్ ముక్క కనిపించింది. రెండో కార్డు నొక్కితే, బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్‌లో ఎర్రగా 'మ్యాప్ కంటెయినర్ ఈజ్ ఆల్‌రెడీ ఇనిషియలైజ్డ్' (ఈ డివ్‌లో మ్యాప్ ఇప్పటికే ఉంది) అని వచ్చింది. విచిత్రంగా, బ్రౌజర్ విండోని కొంచెం సాగదీస్తే మ్యాప్ మొత్తం ప్రత్యక్షమవుతోంది. సోమవారం డెమో ఉందన్నారు, టెన్షన్ అర్థమైంది.

ఆ చివరి లక్షణంలోనే సగం జవాబు ఉంది. విండో సైజు మారగానే మ్యాప్ బాగుపడిందంటే మీ టైల్స్ (మ్యాప్ బొమ్మ ముక్కలు) వస్తున్నాయి, కోఆర్డినేట్లు సరైనవే, లైబ్రరీ కూడా సరిగ్గానే దిగింది. తప్పింది కొలత ఒక్కటే. పుట్టిన క్షణంలో మ్యాప్ తన డివ్‌ని ఒకసారి కొలుచుకుంటుంది. అప్పటికి మీ డివ్ సైజు సున్నా. మ్యాప్ ఆ సున్నానే నమ్ముకుని కూర్చుంది. మీరు చెప్పినవి మూడు సమస్యల్లా కనిపిస్తున్నాయి గానీ మూలం ఒక్కటే. మ్యాప్ ఎప్పుడు పుట్టాలి, ఎన్నిసార్లు పుట్టాలి, ఎప్పుడు పోవాలి అన్నది మీ కోడ్ ఎక్కడా నిర్ణయించడం లేదు. ఫైళ్లు ఏ వరసలో దిగితే ఆ వరసకి వదిలేశారు.

కోడ్ అంతా నేను రాసివ్వను. ఒక్కో ఆదేశం పేరు చెబుతాను, లీఫ్‌లెట్ డాక్యుమెంటేషన్‌లో వెతికితే వెంటనే దొరుకుతుంది. వరస అర్థమైతే కోడ్ ఇరవై లైన్లు కూడా దాటదు.

ముందు ఆ బూడిద పెట్టె సంగతి. లీఫ్‌లెట్ ఒక పెద్ద బొమ్మని తెచ్చి డివ్‌లో అతికించదు. ప్రపంచాన్ని 256 పిక్సెళ్ల చదరాలుగా కోసి పెట్టుకున్న సర్వర్ ఒకటి ఉంటుంది. దాని నుంచి కనిపించే మేరకి కావలసిన ముక్కల్నే అడుగుతుంది. జూమ్ 0 దగ్గర ప్రపంచమంతా ఒకే టైల్. జూమ్ ఒక మెట్టు పెరిగితే ప్రతి టైల్ నాలుగవుతుంది. జూమ్ 12కి వచ్చేసరికి అడ్డంగా 4096, నిలువుగా 4096. ఆ జూమ్‌లో చార్మినార్ ఉన్న టైల్ నంబరు అడ్డంగా 2940, నిలువుగా 1847. హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఆ టైల్ ఒక్కో వైపు దాదాపు 9.3 కిలోమీటర్లు ఉంటుంది. అందుకే సాలార్‌జంగ్ మ్యూజియం కూడా అందులోనే పడుతుంది, గోల్కొండ కోట కూడా ఎడమ అంచుకి ఆనుకుని అదే టైల్లో ఉంటుంది. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పాతబస్తీ వైపు జరపండి. చిరునామా చివర 12, 2940, 1847 అని ఉన్న బొమ్మ ఒకటి దిగడం మీరే చూస్తారు.

ఏ టైల్స్ అడగాలో తేల్చడానికి లీఫ్‌లెట్‌కి రెండు విషయాలు తెలియాలి: మధ్య బిందువు ఎక్కడ, డివ్ సైజు ఎంత. డివ్ 600 పిక్సెళ్ల వెడల్పు, 400 ఎత్తు ఉంటే ఆరు నుంచి పన్నెండు టైల్స్ వరకు అడుగుతుంది. డివ్ సున్నా అయితే మధ్య బిందువు ఉన్న ఒక్క టైల్ చాలనుకుంటుంది. పైగా సున్నా సైజు పెట్టెకి మధ్య అన్నా, ఎడమ పైమూల అన్నా ఒకటే. అందుకే మీరు సెంటర్‌గా ఇచ్చిన అమీర్‌పేట పాయింటు వెళ్లి పైమూలన కూర్చుంది. ఆ తరవాత డివ్ తెరుచుకున్నా లీఫ్‌లెట్‌కి ఆ కబురు అందలేదు. మిగతా జాగాలో కనిపిస్తున్న బూడిద రంగు లీఫ్‌లెట్ సీఎస్‌ఎస్‌లో (రూపురేఖలు నిర్ణయించే ఫైల్లో) డివ్‌కి ఇచ్చిన వెనక రంగు, అంతే. దానంతట అది మళ్లీ కొలుచుకునేది విండో సైజు మారినప్పుడు మాత్రమే. మీరు విండో సాగదీయగానే మ్యాప్ ప్రత్యక్షమైంది అందుకే.

ఇక డివ్ ఎందుకు సున్నా అయిందో చూద్దాం. మామూలుగా నాలుగు కారణాలుంటాయి, మీ దగ్గర కనీసం రెండు ఉన్నాయనిపిస్తోంది. డిస్‌ప్లే నన్‌తో దాచిన డివ్‌కి సైజు ఉండదు, ట్యాబులు, అకార్డియన్లు, పాపప్‌లు అన్నీ ఈ కోవలోవే. రెండోది ఎత్తు. 'హైట్ 100 శాతం అని రాశాను కదా' అంటారు. దేనిలో 100 శాతం? పై డివ్‌కి ఎత్తు చెప్పకపోతే 100 శాతం అన్నా సున్నాకే వస్తుంది, ఎందుకంటే ఖాళీ డివ్ తన లోపలి సరుకుని బట్టే ఎత్తు తీసుకుంటుంది, లోపల ఇంకా ఏమీ లేదు. సూటిగా 400 పిక్సెళ్లనో, స్క్రీన్ ఎత్తులో 60 శాతమనో వీహెచ్ యూనిట్లలో ఇవ్వండి. మూడోది, మీ సీఎస్‌ఎస్ ఫైలు ఇంకా దిగకముందే మ్యాప్ పుట్టేయడం. నాలుగోది యానిమేషన్: ప్యానెల్ మెల్లగా తెరుచుకుంటూ ఉండగా సగంలో కొలిస్తే సగం మ్యాపే వస్తుంది.

దీనికి ఇంటర్నెట్‌లో ఎక్కడ అడిగినా ఒకే మందు చెబుతారు: సెట్‌టైమౌట్ పెట్టి 300 మిల్లీసెకన్ల తరవాత ఇన్‌వాలిడేట్‌సైజ్ పిలువు అని. ఇన్‌వాలిడేట్‌సైజ్ సరైన ఆదేశమే. డివ్‌ని మళ్లీ కొలుచుకో, తగ్గ టైల్స్ తెచ్చుకో, మధ్య బిందువుని మధ్యకి జరుపుకో అని దాని అర్థం. నాకు గిట్టనిది ఆ 300. మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో 300 సరిపోతుంది. ఎవరి దగ్గరో నాలుగేళ్ల కిందటి ఫోనులో, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే సరిపోదు. అప్పుడు 500 చేస్తారు, ఆ తరవాత 1000. టైము ఊహించడం మానేసి, డివ్ నిజంగా తెరుచుకున్నప్పుడే కబురు తెప్పించుకోండి. బూట్‌స్ట్రాప్ అనే డిజైన్ లైబ్రరీ వాడుతుంటే దాని ట్యాబుకి, మోడల్ అనే పాపప్ పెట్టెకి రెండేసి ఈవెంట్లుంటాయి. 'షో' అనేది తెరవబోతున్నప్పుడు వస్తుంది, 'షోన్' అనేది తెరుచుకోవడం పూర్తయ్యాక వస్తుంది. మీకు కావలసింది రెండోది. బూట్‌స్ట్రాప్ లేకపోతే రిజైజ్ అబ్జర్వర్ పెట్టండి. అది ఈ కాలపు బ్రౌజర్లన్నిటిలో ఉంది. డివ్ సైజు మారిన ప్రతిసారీ మీ ఫంక్షన్‌ని పిలుస్తుంది, అందులో ఇన్‌వాలిడేట్‌సైజ్ ఒక్క లైను. ఫోను అడ్డంగా తిప్పినా, పక్క ప్యానెల్ మూసినా, ఎడమవైపు లిస్టు కుంచించినా అన్నిటికీ అదే చాలు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. చాలామంది ఇన్‌వాలిడేట్‌సైజ్ పెట్టాక కూడా 'మ్యాప్ వస్తోంది కానీ ప్రపంచం మొత్తం కనిపిస్తోంది' అంటారు. కారణం ఫిట్‌బౌండ్స్. హాస్టళ్లన్నీ ఒకే చూపులో కనిపించేలా జూమ్ లెక్కగట్టమని ఫిట్‌బౌండ్స్ పిలుస్తాం. డివ్ సున్నాగా ఉన్నప్పుడు పిలిస్తే, సున్నా పిక్సెళ్లలో హైదరాబాద్ పట్టాలంటే ఎంత జూమ్ అని లెక్క వేసుకుని అన్నిటికన్నా కింది జూమ్‌కి పోతుంది. ప్యాడింగ్ కూడా ఇచ్చి ఉంటే లెక్క అటు తిరిగి అన్నిటికన్నా పై జూమ్‌కి పోయి ఒక వీధి గోడ చూపిస్తుంది. ఇన్‌వాలిడేట్‌సైజ్ కొలతని సరిచేస్తుంది, జూమ్‌ని మాత్రం ముట్టుకోదు. కాబట్టి డివ్ కనబడ్డాక ముందు ఇన్‌వాలిడేట్‌సైజ్, దాని తరవాత ఫిట్‌బౌండ్స్. ఆ వరస తిరగేస్తే ఫలితం ఉండదు.

ఇంతకన్నా మంచి పద్ధతి అసలు దాచిన డివ్‌లో మ్యాప్‌ని పుట్టించకపోవడం. మొదటి కార్డు నొక్కినప్పుడు డివ్‌ని ముందు చూపించండి, ఆ తరవాతే మ్యాప్ తయారుచేయండి. అప్పుడు సున్నా గొడవే రాదు.

ఇక మీ మొదటి ప్రయత్నం, వేరే ఫైల్లోని హెచ్‌టీఎమ్‌ఎల్‌ని తెచ్చి డివ్‌లో పోయడం. అమీర్‌పేట కోర్సుల్లో ఇది బాగా నేర్పుతారు, హెడరు, ఫుటరు లాంటివాటికి బాగానే పనిచేస్తుంది. మ్యాపుకి పనిచేయదు. ఇన్నర్ హెచ్‌టీఎమ్‌ఎల్ ద్వారా పేజీలోకి పెట్టిన స్క్రిప్టు ట్యాగుల్ని బ్రౌజర్ నడపదు, అది ప్రమాణాల్లోనే ఉంది. జేక్వెరీ లోడ్ కొంత తెలివిగా ఆ స్క్రిప్టుల్ని విడిగా నడుపుతుంది. కానీ మీరు ఫైలు పేరు తరవాత ఖాళీ వదిలి 'హ్యాష్ మ్యాప్‌బాక్స్' అని సెలెక్టర్ కూడా ఇచ్చారు. అలా ఇస్తే ఆ ముక్కని పేజీలో పెట్టేముందే జేక్వెరీ స్క్రిప్టులన్నీ తీసిపారేస్తుంది. మీకు ఖాళీ డివ్ వచ్చింది, కన్సోల్‌లో ఎర్రర్ కూడా రాలేదు, కారణం ఇదే. ఎర్రర్ లేని తప్పుతోనే మనిషికి పిచ్చెక్కేది.

సెలెక్టర్ తీసేస్తే స్క్రిప్టు నడుస్తుంది కదా అంటారేమో. నడుస్తుంది, కానీ కొత్త తలనొప్పి మొదలవుతుంది. జావాస్క్రిప్టుతో పేజీలోకి చేర్చిన బయటి స్క్రిప్టులు వాటి తీరికని బట్టి దిగుతాయి, ఒకదాని కోసం ఒకటి ఆగవు. లీఫ్‌లెట్ ఫైలు ఇంకా దారిలో ఉండగానే మీ సొంత కోడ్ నడిచి 'ఎల్ ఈజ్ నాట్ డిఫైన్డ్' అంటుంది (కోడ్‌లో లీఫ్‌లెట్ పేరు ఎల్). మీ మెషీన్‌లో ఫైలు క్యాషేలో ఉంటుంది కాబట్టి మీకు ఎప్పుడూ రాదు, డెమోలో మాత్రం వస్తుంది. ప్రతి కార్డుకీ లైబ్రరీ మళ్లీ నడిచి పాత ఎల్ మీద కొత్త ఎల్ పడడం ఇంకో గొడవ.

నా సలహా ఇది. మ్యాప్ హెచ్‌టీఎమ్‌ఎల్‌ని సర్వర్ నుంచి తేవడం పూర్తిగా మానేయండి. డివ్ పేజీలోనే ఉంటుంది, మ్యాప్ తయారుచేసే ఫంక్షన్ మీ మెయిన్ స్క్రిప్టులో ఉంటుంది. సర్వర్ నుంచి రావాల్సింది డేటా మాత్రమే: హాస్టల్ పేరు, అద్దె, అక్షాంశం, రేఖాంశం. అది జేసన్‌గా, అంటే డేటా మాత్రమే ఉండే టెక్స్ట్‌గా తెచ్చుకోండి. పేజీలో సగానికి మ్యాప్‌ని డైనమిక్‌గా లోడ్ చేయడమంటే మ్యాప్ మొత్తాన్ని ప్రతిసారీ మోసుకురావడం కాదు.

ఇక్కడికి వస్తే రెండో కార్డు ఎర్రర్ తేలిగ్గా తీరిపోతుంది. లీఫ్‌లెట్ ఒక డివ్‌లో మ్యాప్ చేశాక ఆ డివ్ మీద గుర్తు పెట్టుకుంటుంది. అదే డివ్ మీద ఇంకో మ్యాప్ చేయమంటే ఒప్పుకోదు. మీరు ప్రతి క్లిక్కుకీ కొత్త మ్యాప్ చేయమంటున్నారు. కొందరు డివ్‌లో ఉన్నది ఖాళీ చేసి మళ్లీ చేస్తారు, అది కూడా కుదరదు, గుర్తు డివ్ మీదే ఉండిపోతుంది. మ్యాప్‌ని ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. లేకపోతే చేయండి, ఉంటే దాన్నే వాడండి. మార్కర్లన్నీ ఒక లేయర్ గ్రూపులో పెట్టి, కొత్త కార్డు నొక్కినప్పుడు క్లియర్‌లేయర్స్ పిలిచి కొత్త మార్కర్లు వేయండి, సెట్‌వ్యూతో అక్కడికి జరపండి. అప్పటికే దిగిన టైల్స్ వృథా పోవు. ఎస్‌ఆర్ నగర్ హాస్టల్ నుంచి అమీర్‌పేట హాస్టల్‌కి మారితే సగం టైల్స్ అవే, కాబట్టి వెంటనే కనిపిస్తుంది.

మ్యాప్‌ని చంపాల్సిన సందర్భం ఒకటే: డివ్‌నే పేజీ నుంచి తీసేస్తున్నప్పుడు. అప్పుడు ముందు మ్యాప్ డాట్ రిమూవ్ పిలిచి, ఆ తరవాత డివ్ తీయండి, వేరియబుల్‌ని నల్ చేయండి. లేదంటే కనిపించని మ్యాపులు మెమరీలో పేరుకుపోయి విండో సైజు మారినప్పుడల్లా లేచి పనిచేస్తుంటాయి. రియాక్ట్ లైబ్రరీతో చేసేవాళ్లకి ఇదే ఎర్రర్ ఇంకో దారిలో వస్తుంది. రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డెవలప్‌మెంట్‌లో ఎఫెక్ట్‌ని కావాలని రెండుసార్లు నడుపుతుంది. యూజ్ఎఫెక్ట్ క్లీనప్‌లో రిమూవ్ లేకపోతే రెండోసారికే పట్టుబడతారు. స్ట్రిక్ట్ మోడ్ తీసేస్తే ఎర్రర్ పోతుంది, తప్పు పోదు. బొమ్మల బదులు గీతల డేటా తెచ్చి బ్రౌజర్లోనే గీసే మ్యాప్‌లిబ్రె లాంటి వెక్టర్ మ్యాపులు వాడితే ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఒక్కో మ్యాప్ ఒక వెబ్‌జీఎల్ కాంటెక్స్ట్ (గ్రాఫిక్స్ చిప్‌తో గీసుకునే చోటు) తీసుకుంటుంది, వాటి సంఖ్యకి బ్రౌజర్ పరిమితి పెడుతుంది, క్రోమ్‌లో అది 16 దగ్గర ఉంటుంది. దాటితే పాత మ్యాపులు ఒక్కొక్కటే తెల్లబడతాయి.

మీరు అడగలేదు కానీ డెమోలో తప్పకుండా తగిలేది ఇంకోటుంది. వరసగా మూడు కార్డులు చకచకా నొక్కితే మూడు రిక్వెస్టులు వెళ్తాయి. వెళ్లిన వరసలోనే జవాబులు వస్తాయన్న హామీ లేదు. మెట్రోలో వెళ్తూ సిగ్నల్ వచ్చిపోతున్న ఫోనులో అయితే మరీను. చివర నొక్కింది మాదాపూర్ హాస్టల్, ఆలస్యంగా వచ్చింది ఎస్‌ఆర్ నగర్ జవాబు. మ్యాప్ ఎస్‌ఆర్ నగర్ చూపిస్తుంది, పక్కన పేరు మాత్రం మాదాపూర్ హాస్టల్‌ది ఉంటుంది. అబార్ట్ కంట్రోలర్‌తో కొత్త రిక్వెస్టు పంపేముందు పాతదాన్ని ఆపేయండి. అది కష్టమనిపిస్తే, చివరగా నొక్కిన హాస్టల్ ఐడీ గుర్తుపెట్టుకుని, వచ్చిన జవాబు దానిది కాకపోతే పక్కన పడేయండి. రెండో పద్ధతి మొరటుగా కనిపిస్తుంది గానీ చక్కగా పనిచేస్తుంది.

లైబ్రరీని ఎప్పుడు దించాలి? లీఫ్‌లెట్‌ని ఉక్రెయిన్‌కి చెందిన వొలొదిమిర్ అగఫొన్‌కిన్ 2011లో మొదలుపెట్టిందే చిన్నగా, తేలిగ్గా ఉండాలని. వాళ్ల సైట్లో చెప్పే లెక్క దాదాపు 42 కేబీ. కాబట్టి మీ సైట్‌లో మ్యాప్ ముఖ్యమైన భాగమైతే మొదట్లోనే మామూలుగా పెట్టేయండి, సగం తలనొప్పి పోతుంది. అవసరమైనప్పుడే దించుకోవాలన్న పట్టుదల ఉంటే, లేదా మ్యాప్ పేజీలో బాగా కిందికి ఉంటే, ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ వాడండి. డివ్ తెరమీదికి 200 పిక్సెళ్ల దూరంలోకి రాగానే లోడ్ మొదలుపెట్టమని రూట్ మార్జిన్ ఇవ్వొచ్చు. రెండు జాగ్రత్తలు. లోడ్ చేసే ప్రామిస్‌ని (పని అయ్యాక ఫలితం ఇచ్చే ఆబ్జెక్ట్‌ని) ఒకే వేరియబుల్‌లో పెట్టుకోండి, రెండోసారి పిలిస్తే అదే ప్రామిస్ తిరిగివ్వాలి, లేకపోతే లైబ్రరీ రెండుసార్లు దిగుతుంది. రెండోది, జావాస్క్రిప్టు ఒక్కటి వస్తే చాలదు, సీఎస్‌ఎస్ కూడా దిగేవరకు ఆగాలి. సీఎస్‌ఎస్ లేకుండా పుట్టిన లీఫ్‌లెట్ మ్యాపులో టైల్స్ పేజీ అంతా చెల్లాచెదురుగా పడతాయి, ఒకసారి చూస్తే మరిచిపోరు. వెబ్‌ప్యాక్ లాంటి బండ్లర్ (ఫైళ్లన్నిటినీ కలిపి కట్టే టూల్) వాడితే మార్కర్ బొమ్మ విరిగిపోయి కనిపించడం మామూలు సమస్యే. ఐకాన్ ఫైళ్ల దారి మీరే ఇవ్వండి.

గూగుల్ మ్యాప్స్ వైపు వెళ్తే సూత్రం అదే, పేర్లు వేరు. దాని స్క్రిప్టుని రెండుసార్లు చేరిస్తే ఈ పేజీలో ఏపీఐ పలుమార్లు చేర్చారని కన్సోల్‌లో గోల పెడుతుంది, ఆ తరవాత వింత ఎర్రర్లు వస్తాయి. పాత ట్యుటోరియల్స్‌లో కాల్‌బ్యాక్ లేకుండా స్క్రిప్టు పెట్టే పద్ధతి ఉంటుంది. ఆ స్క్రిప్టు లోపల డాక్యుమెంట్ డాట్ రైట్ వాడేది, పేజీ వచ్చేశాక దాన్ని నడిపితే బ్రౌజర్ ఒప్పుకోదు. కాల్‌బ్యాక్ ఇచ్చే పద్ధతో, ఇంపోర్ట్ లైబ్రరీ పద్ధతో వాడండి.

అసలు ఒక ప్రశ్న మిమ్మల్ని అడగాలి. ఒక్క హాస్టల్ ఎక్కడుందో చూపించడమే పనైతే ఇదంతా ఎందుకు? గూగుల్ మ్యాప్స్‌లో షేర్ నొక్కితే పేజీలో పెట్టుకునే ఐఫ్రేమ్ కోడ్ ఇస్తుంది, కీ కూడా అక్కర్లేదు. దానికి లోడింగ్ లేజీ అని పెడితే దగ్గరికి వచ్చినప్పుడే దిగుతుంది. మిఠాయి దుకాణానికో, క్లినిక్కుకో సైట్ చేస్తూ లీఫ్‌లెట్‌తో కుస్తీ పట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. మీ సైట్‌కి మాత్రం ఐఫ్రేమ్ చాలదు, ఎందుకంటే కార్డుకీ మార్కర్‌కీ సంబంధం ఉండాలి, మెట్రో స్టేషన్లు కూడా చూపించాలన్నారు.

ఆ మెట్రో ఆలోచన బాగుంది. హాస్టల్ వెతికే పిల్లలు అద్దె తరవాత అడిగే మొదటి ప్రశ్న అదే. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో మొదటి దశలో మూడు లైన్లు, 57 స్టేషన్లు. ఇంత చిన్న డేటాని ప్రతి క్లిక్కుకీ సర్వర్‌ని అడగడం దండగ. మ్యాప్ డేటా కోసమే ఉన్న జియోజేసన్ రకం ఫైలుగా ఒక్కసారి దించి వేరే లేయర్‌లో ఉంచండి. క్లియర్‌లేయర్స్ పిలిచేది హాస్టళ్ల గ్రూపు మీదే కాబట్టి స్టేషన్లు కదలకుండా ఉంటాయి. దూరానికి లీఫ్‌లెట్‌లో డిస్టెన్స్‌టు ఉంది, మీటర్లలో ఇస్తుంది. అది గీత గీసినట్టు నేరుగా కొలిచిన దూరం, నడక దూరం కాదు. సైట్‌లో 'నడిచే దూరం' అని రాయకండి. మెయిన్ రోడ్డుకి అవతలి పక్క ఉన్న హాస్టల్ వాళ్లు ఫోను చేసి తిడతారు.

జియోజేసన్ అన్నాను కాబట్టి ఇది కూడా. లీఫ్‌లెట్‌కి ముందు అక్షాంశం, తరవాత రేఖాంశం ఇవ్వాలి. జియోజేసన్‌లో ముందు రేఖాంశం. 2016లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946 అనే జియోజేసన్ ప్రమాణం ఆ వరసనే ఖాయం చేసింది, మ్యాప్‌లిబ్రె కూడా అదే పాటిస్తుంది. జియోజేసన్‌ని లీఫ్‌లెట్‌కి ఫైలుగా ఇస్తే తనే తిప్పుకుంటుంది, మీరు చేత్తో అంకెలు తీసి మార్కర్ వేస్తేనే ఇబ్బంది. అమీర్‌పేట 17.43, 78.44 దగ్గర ఉంటుంది. తిరగేసి ఇస్తే 78.44 ఉత్తరం, 17.43 తూర్పు. అది నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఆర్కిటిక్ మంచులో పడుతుంది. మన ఊరి మార్కర్లు కనబడకపోతే జూమ్ బాగా తగ్గించి యూరప్ పైన చూడండి, హాస్టళ్లన్నీ అక్కడ చలికి వణుకుతూ ఉంటాయి.

ఫోను సంగతి మరవకండి, మీ సైట్‌కి వచ్చేది ఎక్కువగా ఫోన్లలోనే. మ్యాప్ తెర వెడల్పు అంతా పరుచుకుంటే, పేజీని కిందికి జరపబోయిన వేలు మ్యాప్‌ని జరుపుతుంది, మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు. పక్కన వేలు పెట్టుకునేంత జాగా వదలండి, లేదా మ్యాప్ మీద ఒకసారి తట్టేవరకు డ్రాగింగ్ ఆపి ఉంచండి. కంప్యూటర్‌లో స్క్రోల్ వీల్ జూమ్ ఆపేయండి. గూగుల్‌లో అయితే జెశ్చర్ హ్యాండ్లింగ్‌కి కోఆపరేటివ్ అని ఇస్తే రెండు వేళ్లతోనే కదులుతుంది.

టైల్స్ ఎవరివో చూసుకోండి. మీరు వాడుతున్నవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సొంత సర్వర్‌వి. స్టీవ్ కోస్ట్ 2004లో మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టు విరాళాల మీద నడుస్తుంది. డెమోకి, చిన్న సైట్‌కి ఫర్వాలేదు, ట్రాఫిక్ పెరిగితే డబ్బిచ్చి వేరే టైల్ సర్వీసు తీసుకోండి. మూలన వచ్చే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ క్రెడిట్ లైన్‌ని డిజైన్ బాగాలేదని తీసేయకండి, అది షరతు. ముందుగానే టైల్స్ గుట్టగా దించిపెట్టుకోవడం కూడా కుదరదు. ఇంకోటి, రిక్వెస్టు ఏ సైట్ నుంచి వచ్చిందో తెలిపే రెఫరర్ వాళ్లకి అందాలి. మీ సర్వర్‌లో రెఫరర్ పాలసీని నో రెఫరర్ అని పెట్టి ఉంటే, లేదా ఫైల్ని డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, మ్యాప్ బదులు యాక్సెస్ బ్లాక్ అయిందన్న టైల్స్ రావచ్చు. శాటిలైట్ చిత్రం కావాలంటే మన బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) నడిపే భువన్ ఉంది, 2009 నుంచి నడుస్తోంది. అది ఇచ్చే డబ్ల్యూఎంఎస్ (మ్యాప్ బొమ్మలు పంపే ఒక ప్రామాణిక పద్ధతి) లేయర్లని లీఫ్‌లెట్ నేరుగా తీసుకుంటుంది. వాళ్ల షరతులు చదివి వాడండి.

సరిహద్దుల సంగతి చాలామంది పట్టించుకోరు. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుకి భిన్నంగా దేశపటం ప్రచురించడం 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం కింద నేరం, ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. విదేశీ టైల్స్‌లో కశ్మీర్ దగ్గర గీతలు వాళ్ల లెక్క ప్రకారం ఉంటాయి. హాస్టళ్ల సైట్‌కి దేశం మొత్తం చూపించాల్సిన పనే లేదు. మిన్‌జూమ్ 10 పెట్టి, మ్యాక్స్‌బౌండ్స్‌కి హైదరాబాద్ చుట్టుపక్కల హద్దులు ఇవ్వండి. చట్టం గొడవా ఉండదు, ఎవరూ జూమ్ తగ్గించి సముద్రంలో తప్పిపోరు. కాకపోతే ఆ హద్దులు పెట్టాక తిరగేసిన కోఆర్డినేట్ల మార్కర్లు స్వాల్‌బార్డ్‌లో కూడా కనబడవు, కాబట్టి డేటా సరిచూసుకున్నాకే ఆ లైన్లు చేర్చండి.

సోమవారంలోపు చేయాల్సింది వరసగా చెబుతాను. డివ్‌కి పిక్సెళ్లలో ఎత్తు ఇవ్వండి, లోడ్‌తో ఫైలు తేవడం మానేయండి, మ్యాప్ ఒక్కసారే చేయండి, రిజైజ్ అబ్జర్వర్ పెట్టండి, ఆ తరవాత ఫిట్‌బౌండ్స్. మిగతావి వచ్చే వారం చూసుకోవచ్చు. అయ్యాక క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్‌ని 3జీకి మార్చి, డిజేబుల్ క్యాషే టిక్ పెట్టి, కార్డులు గబగబా నొక్కి చూడండి. అప్పటికీ బూడిద పెట్టె కనిపిస్తే, కన్సోల్‌లో ఆ డివ్ ఆఫ్‌సెట్‌హైట్ (పిక్సెళ్లలో ఎత్తు) ఎంత వస్తోందో ఆ అంకె ఇక్కడ పెట్టండి. సున్నా అయితే మీ సీఎస్‌ఎస్ చూద్దాం, కాకపోతే స్క్రిప్టు చూద్దాం. స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు మాత్రం ఏపీఐ కీలు కనబడకుండా చెరిపేయండి. పోయినసారి పెట్టిన బొమ్మలో గూగుల్ కీ పూర్తిగా కనిపిస్తోంది, దాన్ని ఈ రాత్రికే మార్చి, కొత్తదానికి మీ డొమైన్ నుంచి మాత్రమే పనిచేసేలా రెఫరర్ పరిమితి పెట్టండి.